చంద్రావతి చేతులు

తిరుత్తణి ఆంధ్రలో ఉండాలా, మద్రాసులో కలవాలా అని ఊరంతా వాదించుకుంటున్న రోజుల్లో, గోవిందమ్మ ఇంట్లో మాత్రం వాదన పియానో దగ్గరే. షోపాన్, లిస్ట్ అని నూరేళ్ళ కిందటి ఐరోపా పియానో విద్వాంసులు ఇద్దరు. వాళ్ళలో ఎవరి వాయింపు గొప్పదని తగువు. దొరల బంగళా వేలంలో కొన్న ఆ పియానో కాళ్ళకు చెదలు పట్టకుండా నీళ్ళ గిన్నెలు పెట్టారు. షోపాన్ పద్ధతిలో వాయిస్తే గిన్నెల్లో నీళ్ళు వణికేవి. లిస్ట్ వాయిస్తే తొణికి నేలంతా తడిసేది. తుడవలేక గోవిందమ్మ షోపాన్ పక్షం చేరింది.

రోజూ మధ్యాహ్నం మూడింటికి చంద్రావతి చేతులు వచ్చేవి. గోవిందమ్మ పెద్దకూతురు చంద్రావతి విషజ్వరంతో పోయి రెండేళ్ళయింది. మణికట్టు దాకా ఉన్న ఆ రెండు చేతులు మాత్రం రావడం మానలేదు. శుక్రవారాలు గోవిందమ్మ వాటికి పసుపు రాసేది. అవి షోపానే వాయించేవి. వేళ్ళు పియానో మెట్లను వదిలేవి కావు, మణికట్టు మెత్తగా ఒదిగి ఉండేది, ఏ వేలి బలం ఆ వేలిదే.

చిన్నకూతురు కోకిలది లిస్ట్ పద్ధతి. చెయ్యి పైకెత్తి, భుజం బరువంతా దించి, ఎనిమిది మెట్ల దూరాన్ని ఒక్క చాపులో అందుకునేది.

చంద్రావతి మొగుడు జయచంద్ర పళ్ళిపట్టు నుంచి బస్సెక్కి వచ్చి, రోజూ ఆ చేతుల ఎదుట కూర్చునేవాడు. కోకిలను అతనికే ఇచ్చి చేయాలని పెద్దలు తీర్మానించారు. మద్రాసు బడి ఒకటి కోకిలకు సంగీతం టీచరు ఉద్యోగం ఇచ్చింది. తాంబూలాలు ఆదివారం. ఉద్యోగంలో చేరాల్సింది సోమవారం. పెళ్ళి వద్దని చెప్పే ధైర్యం ఆ పిల్లకు లేకపోయింది.

తాంబూలాల రోజు జయచంద్ర ఒక్కటే కోరాడు.

"ఆ లిస్ట్ మోత వద్దు కోకిలా. మీ అక్క మాదిరి వాయించు. నాకదే చాలు."

కోకిల మణికట్టు దించి కూర్చుంది. ఇక జన్మంతా ఇంతే అనుకుంది. అంతలో మూడయింది. చంద్రావతి చేతులు వచ్చి, చెల్లెలి చేతుల్ని మెట్ల మీంచి తీసి ఆమె ఒళ్ళో పెట్టాయి.

తర్వాత పైకి లేచాయి. ఆమె పోయాక అవి అంతెత్తు లేవడం ఎవరూ చూసింది లేదు. భుజాలే లేని చేతులకు ఆ బరువు ఎక్కడిదో గానీ, లిస్ట్ వాయిస్తుంటే పళ్ళెంలో వక్కలు ఎగిరిపడ్డాయి.

జయచంద్ర లేచి నిలబడ్డాడు. "నాలుగేండ్లు కాపురం చేసింది. ఒక్కనాడూ నా ముందర ఇట్ల వాయించలేదే?"

"నాకు నేర్పించింది అక్కే బావా," అంది కోకిల. "నీకు మోత పడదని నీ ముందర అణిచి వాయించేది."

అతను తాంబూలం పళ్ళెం తనే వెనక్కి తీసుకున్నాడు. ఈ పెళ్ళి వద్దన్నాడు. పిల్లను మద్రాసుకు పంపించమని అత్తతో చెప్పాడు. గోవిందమ్మ ఏడ్చింది, ఏ కూతురి కోసమో ఆమెకే తెలియలేదు.

సోమవారం పొద్దున కోకిల రైలెక్కింది. మధ్యాహ్నం జయచంద్ర మామూలుగానే వచ్చి కూర్చున్నాడు. చేతులూ వచ్చాయి.

"నీకేది ఇష్టమో అదే వాయించు చంద్రా," అన్నాడు.

ఆమె బతికున్న రోజుల్లో అనాల్సిన మాట అది. చేతులు మెట్ల మీద వాలాయి. అతను లేచి వెళ్ళేదాకా ఒక్క మెట్టూ నొక్కలేదు.