మూత తీసిన జీపు

రోజూ పొద్దున్నే దశరథ సేటు జీపులో నీళ్లు మార్చడం సేవ్యా మొదటి పని. ముక్కుకు తువ్వాల కట్టుకుని, రేడియేటర్ కింద మర తిప్పి, మునగాలలో యాదమ్మ హోటల్ వెనక మోరీలోకి వదిలేవాడు. చిక్కటి నల్లనీళ్లు, వాటిలో పాచి ముద్దలు, కొన్నాళ్లు చీమిడిలాంటి తీగలు. యాదమ్మ దూరం నుంచే పొయ్యిబూడిద చల్లేది.

"నిన్న ఎవరిని ఎక్కించుకున్నవ్ రా, గింత వాసన?" అనేది.

ఆ జీపులో కూర్చుని ఎవరు అబద్ధమాడినా అది నీళ్లలోకి దిగేది. సూర్యాపేట నుంచి కోదాడ దాకా అందరికీ తెలిసిన సంగతే. జ్వరమొచ్చి పెళ్లికి రాలేదనే రకం అబద్ధాలకు పాచి పట్టేది. పెద్దవాటికి చచ్చిన ఎలుక కంపు. దశరథ సేటు మిర్యాలగూడ మిల్లులకు వడ్లు కుదిర్చే మనిషి. ఆయన జీపులో బేరం చేసిన నాడు సేవ్యాకు అన్నం సయించేది కాదు. చేతులు ఎంత తోమినా, ముద్ద నోటి దగ్గరికి వచ్చేసరికి ఆ వాసనే.

సేవ్యా వాళ్ల నాన్న చెలక, ఉన్న ఆ కాస్త మెట్టనేల కూడా ఆ జీపులో జరిగిన మాటలతోనే సేటు చేతికి పోయింది. మర్నాడు నీళ్లు పారబోసింది, అప్పటికి ఆ జీపు క్లీనరుగా ఉన్న సేవ్యానే. తర్వాత అదే జీపుకు డ్రైవరయ్యాడు. తిండికి ఇంకో దారి లేదు.

తొంభై ఒకటి ఎండాకాలంలో, మునగాల దాటాక, రేడియేటర్ గొట్టం పగిలింది. వరి కోతలకు పోయే కూలీలు వెనక కిక్కిరిసి ఉన్నారు, వాళ్లలో జానమ్మ అనే ఆమె చోటు లేక ముందు బానెట్ అంచున కూర్చుంది. కాగే నీళ్లు, పాచి ఆమె కాళ్ల మీద పడ్డాయి. కోదాడ దవాఖానలో నర్సు ఆ జిగురును గుడ్డతో తీస్తుంటే చర్మం కూడా ఊడి వచ్చింది.

పగిలిన గొట్టానికి గుడ్డ చుట్టి, సేవ్యా అక్కడి నుంచి నేరుగా జీపును మెకానిక్ రాజారత్నం షెడ్డుకు తోలాడు. సేటు ఆ వారమంతా మిర్యాలగూడలో ఉన్నాడు. అడిగే పని లేకపోయింది.

"ముసలి ఇంజను. లోపలి గ్యాసు నీళ్లలోకి తన్నుద్ది," అన్నాడు రాజారత్నం. "మూత బిగించిన కొద్దీ ఎక్కడో ఒకచోట పగులుద్ది. నోరు తెరిచి పెడితే పేలదు. నీళ్లు ఆవిరైపోతయ్, మాటిమాటికి పోసుకోవాల."

"మరి కంపో?"

"అది కూడా బయటికే వస్తది మరి."

"రానీ," అన్నాడు సేవ్యా.

రాజారత్నం రేడియేటర్ మూతను తీసి పక్కన పడేశాడు. దాని మెడకు లావుపాటి గొట్టం అతికించి, బానెట్ మీద, అద్దానికి ఎదురుగా, నోరు తెరిచిన రేకు డబ్బా నిలబెట్టాడు. ఇంజను నీళ్లు అందులోకి వచ్చి ఊపిరి తీసుకుని మళ్లీ దిగేవి. ముందు సీట్లో కూర్చున్నవాళ్లకు నీళ్ల రంగు కనిపించేది.

సేటు వచ్చి చూశాడు. మొహం ముడుచుకున్నాడు కానీ, మళ్లీ ఎవరి కాళ్లన్నా కాలితే తన మీదికే వస్తదని ఊరుకున్నాడు. ఆ రోజు నుంచి బేరాలన్నీ జీపు దిగి మాట్లాడేవాడు.

నడిగూడెం దగ్గర తండాలో గౌరీబాయికి సాగర్ కాలువ పక్కన రెండెకరాలున్నాయి. మొగుడూ తనూ ముళ్ల కంప నరికి చదును చేసిన నేల. దాన్ని వడ్లు ఎండబెట్టుకోవడానికి రెండు పంటల దాకా కౌలుకిమ్మని సేటు ఆమె గుడిసె ముందు నిలబడి అడిగాడు. ఆమె అక్కడ అవునూ కాదూ అనలేదు. కోదాడలో రిజిస్ట్రేషన్ అని జీపెక్కించుకున్నాక, ముందు సీట్లో సేటుకూ సేవ్యాకూ నడుమ కూర్చుని అప్పుడు అడిగింది.

"సేటూ, భూమి మల్ల నా చేతికిస్తవ్ గదా?"

జవాబియ్యకపోతే ఆమె దిగిపోయేట్టుంది.

"రెండు పంటలైనంక నీ భూమి నీకే, గౌరీబాయి."

డబ్బా గుడగుడమంది. నల్లటి జిగురు పొంగి అంచులు దాటి బానెట్ మీద జారింది. ఆ వాసనకు గౌరీబాయి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎండకు గట్లనే అయితది," అన్నాడు సేటు. ఇంకో దొంతర పొంగింది.

సేవ్యా కాలువ గట్టున బండి ఆపాడు. ఉన్నదంతా వదిలేసి, ఇంజను చల్లారాక డబ్బా నిండా తేట నీళ్లు పోశాడు. గౌరీబాయి సీట్లోంచి కదల్లేదు.

"ఇగ ఇంకోపారి చెప్పు సేటూ."

సేటు ఆ నీళ్ల వైపు చూసి పెదాలు తుడుచుకున్నాడు. "కోదాడల దిగినంక మాట్లాడుకుందాం," అన్నాడు.

ఆమె సేవ్యా వైపు తిరిగింది. అతను మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

"నీకెరుకేనా, బేటా?"

"నాకేం తెల్వదు, యాడీ."

యాడీ అంటే తండాలో అమ్మ. ఆ మాట నోటి నుంచి దాటగానే తేట నీళ్లు మసకబారాయి. అడుగు నుంచి ఒక నల్లని తీగ సాగింది. సేటు అబద్ధానికీ దీనికీ వాసనలో ఏ తేడా లేదు. ఇన్నేళ్లూ ఆ రోత తను పారబోసేదే అనుకున్నాడు సేవ్యా. తన లోపలి నుంచి కూడా అదే వచ్చేసరికి అతనికి తన నాలుకను తాకాలంటేనే అసహ్యమేసింది. దిగి, గట్టు మీద మోకాళ్ల మీద కూలబడి, పసరు వచ్చేదాకా కక్కాడు.

లేచి జీపు దగ్గరికొచ్చి, డబ్బాను చూడకుండా ఆమెకు చెప్పాడు.

"కాగితంల కౌలు అని లేదు యాడీ. అమ్మినట్టు రాసిండ్రు. రాసినాయన నిన్న జీపు పక్కన నిలబడి సేటుకు సదివి వినిపిచ్చిండు. నేను విన్న."

"సేవ్యా, తాళం ఈడ పెట్టి పో," అన్నాడు దశరథ సేటు. గొంతు పెంచలేదు.

గౌరీబాయి అప్పటికే దిగింది. సేవ్యా తాళం సీటు మీద పెట్టాడు. ఆమె కాలువ గట్టు పట్టుకుని తండా వైపు నడిచింది. పక్కన నడిచే మొహం లేక, సేవ్యా వెనకాల చాలా దూరంలో నడిచాడు. దారంతా ఆమె తిరిగి చూడలేదు. పొలం దగ్గరికొచ్చాక గట్టు మీద కూర్చుని, కాళ్లకు అంటిన మట్టి దులుపుకుంటూ, అతను దగ్గరికొచ్చేదాకా ఆగింది.

"అరక తోలుడు వస్తదా నీకు, మర్సిపోయినవా?"

వస్తదనబోయాడు. ఆగి, ఎండిన పెదాలు తడుపుకున్నాడు.

"మర్సిపోయిన, యాడీ."

"అయితే పొద్దుగాల్నే రా. నేర్సుకుందువు," అంది గౌరీబాయి.