మారియోలా సిస్టర్ అక్కసు

“ఉప్పు దోసకాయలు తిన్నారు,” అంది మారియోలా, పెద్దావిడ కాలి మీంచి బొటనవేలు తీస్తూ. వేలు నొక్కినచోట పడ్డ గుంట పూడకుండా అలాగే నిలిచిపోయింది.

“ఒక్క ముక్కే సిస్టర్.”

“ఒక్క ముక్కకి కాలు ఇంత వాయదు. సీసా అడుగు కనపడేదాకా తినుంటారు. లేవండి, బరువు చూద్దాం.”

పెద్దావిడ నవ్వుకుంటూ మేజోడు పైకి లాక్కుని తూకం ఎక్కింది. మారియోలా తిడితే ఎవరికీ కోపం రాదు. తూర్పు యూరప్‌లో బూగ్ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న పట్నపు ఆసుపత్రిలో గుండె నీరసించినవాళ్లను చూసే గదికి ఆవిడే నర్సు, ఆవిడే గుమస్తా, ఆవిడే పెద్దదిక్కు. మనిషి పొట్టి. ముంజేతులు లావు. జుట్టుకు వేసిన ఎర్రరంగు పాపిడి దగ్గర వెలిసిపోయి తెల్లగా కనిపిస్తుంది. మోకాళ్లు రెండూ అరిగిపోయి, కుర్చీలోంచి లేచినప్పుడల్లా బల్ల పట్టుకోవాలి. మొగుడు ఎప్పుడో జర్మనీకి పనికి వెళ్లి అక్కడే ఇంకొకావిడతో ఉండిపోయాడు. ఆవిడ దానికి ఏడ్చింది తక్కువే. ఏడవడానికి తీరికేదీ? పొద్దున లేస్తే వాచిన కాళ్లు, సాయంత్రమైతే వాచిన కాళ్లు. ఊళ్లో ఎవరి కాలికి ఎంత నీరుందో ఆవిడకి తెలుసు. ఆ కాళ్లన్నీ తనవే అనుకునేది. అనుకుంటే తప్పేముంది, వాటిని అంతగా చూసుకున్నవాళ్లు ఇంకెవరున్నారు?

“ఇవాళ కలీనా రాలేదా?” అంది పెద్దావిడ, తూకం దిగి.

“ఏం, ఆవిడతో పనేంటి?”

“పనేం లేదు. ఊరికే. ఆ పిల్ల బాగా వింటుంది.”

మారియోలాకి పుండు మీద కారం చల్లినట్టయింది. నేను వినడం లేదా ఇన్నేళ్లూ? స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని వింటూనే ఉన్నాను కదా. ఆ మాట పైకి అనలేదు. “ఉప్పు ముట్టుకోకండి,” అని మాత్రం చెప్పి తలుపు తీసి పట్టుకుంది.

అంతా వసంతంలో మొదలైంది. డాక్టర్ గురల్ ఎక్కడో జరిగిన గుండె వైద్యుల సభకు వెళ్లాడు. యూరప్ దేశాలన్నిట్నుంచీ వచ్చారట. తిరిగి వచ్చేటప్పుడు ఒకటే మాట పట్టుకొచ్చాడు. ఆఖరి రోజుల్లో బాధ తగ్గించి చూసుకునే హాస్పిస్ వాళ్ల సాయం క్యాన్సర్ వాళ్లకేనా, గుండె జబ్బువాళ్లు మాత్రం మనుషులు కారా అని. కొన్ని దేశాల్లో మందులతోపాటే అదీ మొదలుపెడుతున్నారు, కొన్నిచోట్ల ఆఖరి వారంలో గానీ గుర్తు రావడం లేదు, మనం ఎందులో ఉంటాం అని అందర్నీ అడిగాడు. మారియోలా ఎందులోనూ ఉండదలచలేదు. అయినా కలీనా వచ్చింది. హాస్పిస్ నర్సు. సన్నటి మెడ, చిన్న గొంతు. మారియోలా గదిలోనే ఒక మూల కుర్చీ వేసుకుంది. కాళ్లు నొక్కదు, తూకం చూడదు. పక్కన కూర్చుని, “దేని గురించి దిగులుగా ఉంది?” అని అడుగుతుంది. అంతే, జనం కళ్లనీళ్లు పెట్టుకుని ఎప్పుడూ ఎవరికీ చెప్పనివన్నీ చెప్పేస్తారు. అదే మాట తాను అడిగితే, ఏమైంది సిస్టర్ నీకివాళ అంటారు. మారియోలా కడుపు మండిపోయేది. అది అసూయ అని ఆవిడకి తెలుసు. తెలిసినంత మాత్రాన మంట తగ్గుతుందా?

మధ్యాహ్నం కావస్తుండగా డాక్టర్ పిలిపించాడు. గదిలో కలీనా కూడా ఉంది, వానకోటు ఇంకా విప్పలేదు.

“సేవెరిన్ గారు షాక్ ఆపేయమంటున్నారు,” అన్నాడు డాక్టర్.

సేవెరిన్ చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరైనవాడు. పదకొండేళ్లుగా మారియోలా చేతి కింద ఉన్నాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. ఆయన ఎడమ భుజం కింద, చర్మం లోపల, చిన్న పెట్టె ఒకటి ఉంది. గుండె గతి తప్పి పరుగు తీస్తే లోపలినుంచే కరెంటు దెబ్బ కొట్టి దారిలో పెడుతుంది. అది లేకపోతే ఆయన ఎప్పుడో పోయేవాడు. ఇప్పుడు గుండె నిజంగానే ఆగిపోవడానికి వచ్చింది, కానీ ఆ సంగతి పెట్టెకి తెలీదు. పోతున్న మనిషినైనా కొడుతూనే ఉంటుంది.

“మొన్న గురువారం రెండుసార్లు కొట్టిందట,” అంది కలీనా. “గుర్రం రొమ్ము మీద తన్నినట్టుందన్నారు. చివర్లో అలా తన్నించుకుంటూ పోవడం ఇష్టంలేదన్నారు.”

“నాతో చెప్పలేదే,” అంది మారియోలా.

ఆవిడ చెవులు కాలిపోతున్నాయి. రొమ్ములో గుర్రం తన్నిన సంగతి ఆయన పదకొండేళ్లుగా చూసుకుంటున్న తనను వదిలేసి ఆర్నెల్ల కిందట వచ్చిన పిల్లకి చెప్పుకున్నాడు.

“ఎక్కువ రోజుల్లేవు మారియోలా,” అన్నాడు డాక్టర్. “పని అవగానే ఆ పెట్టెని సరిచేసే మెషిన్ తీసుకుని వెళ్దాం. బయటినుంచే ఆపేయొచ్చు, ఎంతసేపు?”

“మెషిన్‌లో ఛార్జింగ్ లేదు. రేపు పొద్దున వెళ్దాం.”

అబద్ధం. పొద్దున ఆవిడే చూసింది, నిండా ఉంది. ఎందుకు చెప్పిందంటే, ఇవాళ సేవెరిన్ పేరుపండుగ. క్యాలెండర్‌లో ఆయన పేరున్న రోజు. ఏటా ఈ రోజున గసగసాల కేకు పట్టుకుని ఆవిడ వాళ్లింటికి వెళ్తుంది. ఈ సంగతి కలీనాకి తెలిసుండదు. ఒక్క సాయంత్రం ఆయన దగ్గర ఒంటరిగా కూర్చుంటే మనసు మార్చగలననుకుంది. ఇన్నేళ్లు తాను నిలబెట్టిన మనిషిని నిన్నగాక మొన్న వచ్చినది పడుకోబెడుతుందా? ఈ రాత్రికే మళ్లీ తన్నితే? ఆ ఆలోచన కూడా రాకపోలేదు. వచ్చినదాన్ని పక్కకి నెట్టేసి, అల్మారాలో మెషిన్ ఉన్నచోటే ఉంచి తలుపు వేసింది.

పేరుపండుగకి ఎవరూ ఎవర్నీ పిలవరు. తలుపు గడియ తీసి ఉంచుతారు, రావలసినవాళ్లు వస్తారు. మారియోలా వానలో తడుస్తూ ఫ్యాక్టరీ క్వార్టర్ల మెట్లెక్కి, గడియ తీసున్న తలుపు తోసి, బూట్లు విప్పి, బల్ల కింద చెయ్యి పెట్టింది. ఆకుపచ్చ ఉన్ని చెప్పులు అక్కడ లేవు. ఆ ఇంట్లో ఆవిడ ఎప్పుడూ తొడుక్కునేవి అవే. తడి మేజోళ్లతోనే లోపలికి వెళ్లింది. చెప్పులు కలీనా కాళ్లకున్నాయి.

సేవెరిన్ కిటికీ పక్క కుర్చీలో దిండ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా వేసుకుని టై కట్టుకున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు.

“రండి సిస్టరమ్మా. కేకు తెచ్చారా, తూకం తెచ్చారా?”

“కేకే. నూరేళ్లు బతకండి.”

“నూరేళ్లా? నాకంత ఓపిక లేదండీ.”

“ఛార్జింగ్ అయిందాండీ?” అంది కలీనా మెల్లిగా.

“అవుతోంది.”

కలీనా ఆవిడ ముఖంలోకి ఒక్క క్షణం చూసి తల దించుకుంది. కనిపెట్టేసింది. కనిపెట్టి ఊరుకోవడం మారియోలాకి ఇంకా ఒళ్లు మండించింది.

“కలీనా,” అన్నాడు సేవెరిన్, “అవి సిస్టరమ్మవి. నీకోసం వేరేవి తెప్పించాను. బల్ల కింద సంచిలో ఉన్నాయి చూడు.”

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. గబగబా చెప్పులు విప్పి మారియోలా ముందు పెట్టింది. “తెలీదండీ, ఏమనుకోకండి,” అని టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది. మారియోలా కాళ్లు దూర్చింది. లోపల ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఆ వెచ్చదనం కూడా ఆవిడకి గిట్టలేదు.

“నాకెందుకు చెప్పలేదు?” అని అడిగేసింది. మంచిమాటలతో మొదలుపెడదామనుకుని వచ్చింది, అదే ముందు నోట్లోంచి వచ్చేసింది.

“ఏది?”

“గురువారం సంగతి. ఆపేయాలన్న సంగతి. ఆవిడకి చెప్పారు.”

“మిమ్మల్నే ముందు అడిగాను.” ఆయన ఊపిరి కోసం ఆగాడు. “ఆగస్టులో. మీరు నా కాలు నొక్కుతున్నారు. ఈ పెట్టె ఆఖర్లో కూడా కొడుతుందా అని అడిగాను. మీరేమన్నారో గుర్తుందా?”

గుర్తొచ్చింది.

“అలాంటి మాటలంటే పుట్టగొడుగులకి అడవికి తీసుకెళ్లనన్నారు. బూట్లు తుడిచి పెట్టుకోమన్నారు.” నవ్వబోయి దగ్గాడు. “తుడిచి పెట్టుకున్నాను కూడా.”

ఆర్నెల్లుగా దేన్ని చూసి కుళ్లుకుందో అది ముందు తన దగ్గరికే వచ్చింది. బూట్లు తుడుచుకోమని తోసేసింది తనే. కలీనా ఎత్తుకుపోయిందేమీ లేదు. మారియోలాకి సిగ్గుతో మెడ కిందిదాకా వేడెక్కింది.

“భయమేసింది నాకు,” అంది.

“నాకూ అంతే. ఇద్దరమూ భయపడుతూ కూర్చుంటే మాట సాగదు కదండీ. ఆ పిల్లని అడిగాను. అంతే. మీమీద కోపమేం లేదు.”

ఆవిడ కేకు డబ్బా మీది తాడు విప్పబోయి వదిలేసింది. “మెషిన్‌లో ఛార్జింగ్ ఉంది సేవెరిన్ గారూ. పొద్దున్నుంచీ ఉంది.”

ఆయన తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

“అయితే వెళ్లి తెండి,” అన్నాడు. “కేకు మీరొచ్చాక కోద్దాం.”

అరిగిన మోకాళ్లతో ఆ మెట్లన్నీ దిగి, వానలో ఆసుపత్రికి వెళ్లి, “అబద్ధం చెప్పాను డాక్టర్,” అంది. డాక్టర్ గురల్ ఆవిడ తడిసిన తలని చూసి, ఏమీ అడక్కుండా కోటు తీసుకున్నాడు. దారంతా వైపర్ల చప్పుడే. ఈలోపు తన్నిందేమో, తన్నితే ఆ పాపం ఎవరిది అనుకుంటూ మెషిన్‌ని ఒళ్లో గట్టిగా పట్టుకు కూర్చుంది.

తన్నలేదు. ఆయన టై సరిచేసుకుని ఎదురుచూస్తున్నాడు. డాక్టర్ మోకాళ్ల మీద కూర్చుని, “ఇది మీరు అడిగిందే కదా, ఆపమంటారా?” అని ఇంకోసారి అడిగాడు. “ఆపండి,” అన్నాడాయన. మారియోలా చొక్కా గుండీలు విప్పింది. మెషిన్‌కి తీగతో ఉన్న గుండ్రటి బిళ్లని భుజం కింద ఆనించింది. తెర మీద అడిగినదానికి తనే నొక్కింది, ఇంకెవర్నీ నొక్కనివ్వలేదు.

“అయిపోయిందా?” అన్నాడు సేవెరిన్. “ఏమీ తెలీలేదే.”

“అయిపోయింది. మందులు మాత్రం ఎప్పట్లాగే, సాయంత్రం సగం మాత్రతో సహా.”

“అమ్మయ్య, మళ్లీ మా సిస్టరమ్మే,” అన్నాడు కలీనాతో.

డాక్టర్ నిలబడే కేకు తిని వెళ్లిపోయాడు. సేవెరిన్ రెండు ముక్కలు కొరికి, పళ్ల మధ్య గసగసాలు ఇరుక్కున్నాయని నవ్వి, కళ్లు మూసుకున్నాడు. బయట చీకటి పడుతోంది. ఆడవాళ్లిద్దరూ పళ్లాలు తీసుకుని ఒకేసారి లేచారు.

వంటింట్లో నీళ్లు విప్పాక చిన్న గొడవ అయింది, గొడవంటే గొంతు పెంచకుండానే. “మీరెళ్లి ఆయన దగ్గర కూర్చోండి, నేను కడుగుతాను,” అంది కలీనా. “నువ్వే వెళ్లమ్మా, నీతోనే మాట్లాడతారు,” అంది మారియోలా, పళ్లెం మాత్రం వదల్లేదు.

“నాతోనా?” కలీనా గట్టిగా నిట్టూర్చింది. “నాతో మాట్లాడినంతసేపూ మీ కబుర్లేనండీ. సిస్టరమ్మ ఇలా తిట్టింది, సిస్టరమ్మ అలా పట్టుకొచ్చి తూకమెక్కించింది అని. వినీవినీ నాకెంత ఉడుకుమోత్తనంగా ఉండేదో మీకేం తెలుసు?”

మారియోలాకి ఎంత సంతోషమేసిందంటే, ఆ వేళప్పుడు అంత సంతోషపడినందుకు తనమీద తనకే అసహ్యమేసింది. ఒక పళ్లెం ఆవిడ కడిగింది, ఒకటి కలీనా తుడిచింది. తిరిగి గదిలోకి వచ్చేసరికి సేవెరిన్ పోయాడు. తల దిండు మీద పక్కకి ఒరిగి ఉంది. దుప్పటి చెదరలేదు. రొమ్ములో పెట్టె ఆయన్ని ముట్టుకోలేదు. ఆఖరి ఘడియలో పక్కన ఉండాలని ఇద్దరూ ఆశపడ్డారు, ఇద్దరికీ దక్కలేదు.

కలీనా మెడ మీద వేళ్లు ఆనించి చూసి, కనురెప్పలు సరిచేసింది. మనిషి పోయిన గదిలో, ఆత్మ బయటికి వెళ్లడానికి, ముందు కిటికీ తెరవాలి. ఆ పిల్ల కిటికీదాకా వెళ్లి ఆగిపోయింది.

“మీరు తెరవండి,” అంది. “మీ మనిషి.”

మారియోలా వెళ్లింది. తలుపులు లోపలికి తెరుచుకుంటాయి కాబట్టి గట్టు మీదివి ముందు తీయాలి. జెరేనియం కుండీని నేల మీద పెట్టింది. దాని వెనక, ఉడికిన గుడ్డు నిలబెట్టుకునే చిన్న పింగాణీ గిన్నెలో, కత్తితో సరిగ్గా సగానికి కోసి సాయంత్రానికని తీసిపెట్టుకున్న ఒంటి నీరు తగ్గే మాత్ర ఉంది.