మూడో ఆట

భర్త లుదొవికో చొక్కా ఇస్త్రీ చేస్తోంది ఎర్సిలియా. ఈ సాయంత్రం బొలోన్యా నాటకశాలలో క్లెలియా అనే కొత్త పిల్ల కట్టిన సంగీత నాటకం మూడో ఆట. కొత్తగా సంగీతం కట్టినవాళ్ళు మొదటి మూడు ఆటలూ వాద్యగాళ్ళ మధ్యే కూర్చోవాలి. జనం మెచ్చి పూలు విసిరినా, ఈలలు వేసి ఎగతాళి చేసినా లేవకూడదు. నిన్న రెండో ఆటకి ఈలలే.

"అబ్బ, ఏం ఈలలే! పాపం, ఆ పిల్ల తలెత్తితే ఒట్టు," అన్నాడు లుదొవికో, కాఫీలో రొట్టె ముంచుకుంటూ. ఆయన సంగీతమూ రాస్తాడు, పత్రికలో పక్కవాళ్ళ సంగీతాన్ని చీల్చి చెండాడతాడు కూడా. "అంతా నీ పుణ్యమే. నువ్వన్న ముక్కే గదా పత్రికలో వేశాను!"

పుణ్యమట. ఎర్సిలియా కాలరు మీద ఇస్త్రీపెట్టె గట్టిగా అదిమింది. మొదటి ఆటకి ఈయన బాల్కనీలో గురకపెట్టి నిద్రపోయాడు. మర్నాడు పొద్దున, ఎప్పటిలాగే, "ఎలా ఉందే?" అని అడిగాడు. బాగుందని చెప్పడానికే నోరు తెరిచింది. రెండో అంకంలో తల్లి పాత్ర పాడే పాటకి తనకి కళ్ళనీళ్ళు ఆగలేదు మరి. కానీ వీధిగోడల మీద ఆ పిల్ల పేరు ఎంతెంత అక్షరాలతో ఉందో! పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈయన ఒక్క వరస గీసి పారేస్తే, వాద్యాలన్నిటికీ స్వరాలు కూర్చి దాన్ని సంగీతం చేసేది తను. పేరు మాత్రం ఆయనది. "ఇల్లాలి వేళ్ళకి పిండి అంటాలి గానీ సిరా ఏమిటే? ఎవరైనా చూస్తే మావాడి పరువేం కాను?" అనేది అత్తగారు. ఆవిడ పోయేదాకా నిమ్మచెక్కతో వేళ్ళు తోముకుని గానీ భోజనానికి కూర్చోలేదు ఎర్సిలియా. లోపల దాచుకున్న ఆ కుళ్ళంతా ఆ పొద్దున ఒక్క మాటై బయటపడింది. "ఎవరో మగవాడు రాసిచ్చుంటాడు."

ఇంకెవరన్నా సరే. ఆ మాట తన నోటనే రావాలా? లోకంలో ఒక్కరు కూడా అనకూడని మాట, అనడానికి బొత్తిగా హక్కులేని మనిషే అంది. నిన్నటి నుంచీ ముద్ద దిగడంలేదు.

"ఈవేళ ఇంకా సరదాగా ఉంటుంది చూడు," అన్నాడు లుదొవికో.

"నేనూ వస్తానండీ. బాల్కనీలోకి కాదు. కింద, ఆ పిల్ల పక్కన కూర్చుంటాను."

"పిచ్చిగానీ పట్టిందా? అది మగవాడి చెయ్యి అని నేను రాస్తే, నా పెళ్ళానివి నువ్వెళ్ళి పక్కన కూర్చుంటావా? ఊరంతా అడగరూ? ఏం చెబుతావ్?"

ఎర్సిలియా ఇస్త్రీ ముగించి చొక్కా ఆయన చేతిలో పెట్టింది.

"మీ సంగీతం ఎవరిదో చెబుతాను. మగవాడి చెయ్యి ఎలా ఉంటుందో ఆ తర్వాత వాళ్ళే తేల్చుకుంటారు."