నాలుగో గడి

మా సందులో కెమెరాలు పెట్టించింది నేనే. చాలాకాలం ఆ మాట గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు అదే మాట చెబుతుంటే మా మనవరాలు శ్రీదివ్య రాయడం ఆపి నా మొహంలోకి చూసింది. రాయమ్మా, అన్నాను.

నా పేరు వీర్రాజు. మాది తణుకు దగ్గర పల్లెటూరు. చదువు నాలుగో క్లాసుతో సరి. ప్లాంటులో పని ఉందంటే కుర్రతనంలో ఇటు వచ్చాను. పెద్ద క్రేను కింద నిలబడి, పైన ఉన్న డ్రైవరుకి చేత్తో సైగలు చెయ్యడం నా పని. రిటైరయ్యాక, లక్డారం వైపు అనుకోండి, జాగా కొని ఇల్లు కట్టుకున్నాను. మా సందులో రెండంతస్తుల ఇల్లు అదొక్కటే.

మా ఎదర రేకుల రూములు. ఈ ఊరివాళ్ళు కొందరు, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు కొందరు. అందరూ కంపెనీల్లో పనికి పోయేవాళ్ళే. ఆ రూముల పక్కన నాలుగు గుంజలు పాతి, చుట్టూ టార్పాలిన్ కట్టారు. ఆడవాళ్ళు స్నానాలు చేసేది అక్కడ. పైన కప్పు లేదు. నేల మీద నిలబడ్డవాడికి ఆ టార్పాలినే కనపడుతుంది, ఇంకేమీ కనపడదు. అందుకే కప్పు గురించి ఎవరూ ఆలోచించలేదు.

ఆ ఏడాది సందులో బళ్ళు పోయాయి. ఒకదాని తర్వాత ఒకటి. మా బీటు కానిస్టేబులు జైపాల్ వచ్చి అందర్నీ మా గేటు ముందు కూర్చోబెట్టాడు.

"కెమెరాలు పెట్టుకోండి సారూ. మేము ఇరవై నాలుగ్గంటలు ఈడ్నే ఉండలేం గద. రాజు సారూ, దాని టీవీ మీ ఇంట్ల పెట్టుకోండి. పెద్దమనిషి, ఇంటి పట్టున ఉంటరు" అన్నాడు.

అందరి ముందూ పోలీసాయన అలా అనేసరికి నేను ఒక జానెడు పెరిగాను. తలా కొంత చందా వేసుకుని నాలుగు కెమెరాలు తెచ్చాం. మూడు సందులో పెట్టారు. నాలుగోది మా డాబా మీద. బిగించడానికి వచ్చిన మధుబాబు పైనుంచి అడిగాడు, "ఎటు తిప్పాలె సారూ?"

దొంగ వస్తే ఆ రూముల పక్కనుంచే వస్తాడని నా లెక్క. అంత మంది మనుషులున్న చోటుని అంత తేలిగ్గా అనుకున్నాను. కింద నిలబడి, ప్లాంటులో చేసినట్టే, చెయ్యెత్తి సైగలు చేశాను. ఎడమకి. ఇంకొంచెం. కిందికి. చాలు. చాలా ఏళ్ళ తర్వాత నా చేతికి పని దొరికిందని సంబరపడ్డాను.

ముందు గదిలో టీవీ పెట్టారు. దాంట్లో నాలుగు గడులు. నాకు శుక్లాలున్నాయి. మూడు గడుల్లో గేట్లు, బళ్ళు. నా చూపంతా బళ్ళ మీదే ఉండేది. నాలుగో గడిలో ఏమీ కనపడలేదని చెప్పను. ఏదో కదులుతుండేది. అక్కడ బండి లేదు, దొంగ లేడు, కాబట్టి నేను చూడలేదు.

పొద్దున్నే ఏడింటికి ఇద్దరు కుర్రాళ్ళు రావడం మొదలుపెట్టారు. శ్రీశైలం, పవన్‌కుమార్. మా సందువాళ్ళే.

"తాతా, రాతిరి ఎవడన్న తిరిగిండా? జెర చూస్తం" అనేవారు.

కుర్రాళ్ళకి ఊరి మీద ఎంత శ్రద్ధ అని మురిసిపోయేవాణ్ణి. టీ పెట్టించేవాణ్ణి. నా చేత్తో అందించేవాణ్ణి.

మా ఆవిడ కమలాకుమారి ఒకసారి అంది, "ఏవండీ, వీళ్ళు పొద్దున్నే మనింటికి ఎందుకొస్తున్నారండీ? సాయంత్రం రావొచ్చుగా?"

"నీకు టీ పెట్టడం బరువైపోయిందా?" అని కసిరాను. ఆవిడ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. శ్రీదివ్య పొద్దున పూట ముందు గదిలోకి రావడం మానేసింది. పరీక్షలేమో అనుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం నాలుగో గడి నల్లబడింది. వెనక్కి తిప్పి చూస్తే అంతా రికార్డయి ఉంది. ఎదురు రూముల్లో ఉండే బీరమ్మ మా బయటి మెట్లెక్కి, చేతిలో పేడ తట్టతో డాబా మీదికి వచ్చింది. దొంగతనంగా కాదు. పట్టపగలు, తల ఎత్తుకుని. కెమెరా ముందు నిలబడి నేరుగా చూసింది. ఆఖరున కనపడింది ఆమె అరచెయ్యి.

బీరమ్మ ఒక కంపెనీలో ఊడ్చే పని చేస్తుంది. కోడలు సృజన కూడా అక్కడే. కొడుకు లారీ మీద పోతే వారాలకి గాని రాడు. ఎప్పుడూ ఎవరితోనూ తగువు పెట్టుకున్న మనిషి కాదు.

నేను జైపాల్‌కి ఫోను చేశాను. సాయంత్రానికి వచ్చాడు. సందంతా పోగయ్యింది. నేను రికార్డు వేసి చూపించాను, ఏదో సినిమా చూపించినట్టు.

"ఏం బీరమ్మా, గోడ అనుకొని పిడక గొట్టినవా?" అన్నాడు శ్రీశైలం. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఎందుకు చేసినవమ్మా?" అన్నాడు జైపాల్.

బీరమ్మ చుట్టూ ఉన్న మగవాళ్ళ వంక చూసింది. నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది.

"పూసింది నేనే. ఎందుకని నన్ను అడగకుండ్రి" అంది.

"గట్ల అంటె ఎట్ల? సారు దరఖాస్తు ఇస్తె కేసైతది. కేసైతె నీ కంట్రాక్టరు గేటు పాసు గుంజుకుంటడు, పని పోతది. నీదే గాదు, నీ కోడలిది గూడ. క్షమించుమని సారును అడుగు. అయిపోతది."

"అడగ" అంది.

నాకు రోషం వచ్చింది. "రేపు నేనే స్టేషనుకొచ్చి రాసిస్తాను" అన్నాను.

అప్పుడు బీరమ్మ నా దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించింది.

"రాజు సారూ, దాన్ని కడిగించుండ్రి. రేపు పొద్దుగాల మీ ఇంటి ఆడోళ్లను గా టీవీ ముంగట కూసోబెట్టుకొని సూడుండ్రి. గప్పుడు పోయి కేసు పెట్టుండ్రి."

నాకేం భయం? ఆ పూటే కెమెరా కడిగించాను. పొద్దున్నే పంతానికి కమలాకుమారిని పిలిచి కుర్చీ వేశాను. శ్రీదివ్యని పిలిస్తే, "నేను రాను తాతయ్యా" అని లోపల గడియ పెట్టుకుంది.

కుర్రాళ్ళిద్దరూ రానే వచ్చారు. "కెమెరా బాగైందా తాతా?" అన్నాడు పవన్‌కుమార్, హుషారుగా.

నేను కళ్ళద్దాలు తుడుచుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదటిసారి నాలుగో గడి చూశాను. పైనుంచి టార్పాలిన్ లోపల నేల కనిపిస్తోంది. బకెట్టు. చెంబు. ఎవరో ఆడమనిషి. ఎవరో నేను చూడలేదు. చూసేలోపే కమలాకుమారి లేచి టీవీకి అడ్డంగా నిలబడింది. చీర కొంగు రెండు చేతుల్తోనూ బార్లా చాపి నిలబడింది.

నేను కుర్రాళ్ళ మొహాలు చూశాను. వాళ్ళు ఆశ్చర్యపోలేదు. పవన్‌కుమార్ నేల చూపులు చూశాడు. శ్రీశైలం టీ గ్లాసు కింద పెట్టి, "వస్తం తాతా" అన్నాడు. రోజూ పోయినట్టే పోయాడు.

తీగ పీకేశాను. ఎన్ని పొద్దులు? ఎంతమందికి టీ ఇచ్చాను? జైపాల్ కూడా ఒకటి రెండు సార్లు ఆ కుర్చీలోనే కూర్చుని తాగాడు. ఆయన చూశాడో లేదో నాకు తెలియదు. అడగడానికి నాకు మొహం లేదు.

శ్రీదివ్య గడియ తీసింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఎలా చెప్పను తాతయ్యా? నువ్వే అక్కడ కూర్చుని ఉంటే! నువ్వూ చూస్తున్నావనే అనుకున్నాను ముందు. నీకు చెప్పలేక సృజనక్కకి చెప్పాను."

నా మనవరాలు నా గురించి అలా అనుకుంటూ అదే ఇంట్లో నాకు అన్నం పెట్టింది. ఆ ముక్క రాయనంటోంది. రాయాల్సిందే.

ఇక మిగిలింది బీరమ్మ సంగతి. కేసు వద్దంటే సరిపోదు. ఎందుకు వద్దని అందరూ అడుగుతారు. నా తప్పు చెప్పి దణ్ణం పెడదామంటే, ఆ తప్పు చెప్పడమంటే ఆ ఆడవాళ్ళ సంగతి సందంతా చాటడమే. చూడనివాళ్ళకి కూడా చూపించినట్టే. బీరమ్మ నోరు తెరిచి మూసుకున్నది ఎందుకో అప్పుడు తెలిసింది.

స్టేషనుకి ఇంకా రాలేదేమని జైపాలే బండి మీద వచ్చాడు. వెనకే జనం. బీరమ్మ పనికి పోకుండా గుమ్మంలో నిలబడి ఉంది.

"దరఖాస్తు రాసిండ్రా సారూ?"

"లేదు బాబూ. పొరపాటు నాదే. పేడ పూయమని ఆవిడకి చెప్పింది నేనే. మర్చిపోయాను."

"మీరు జెప్పిండ్రా? ఎందుకు?"

"దిష్టి తగలకుండా."

జైపాల్ నా వంక తేరిపార చూశాడు. "కెమెరాకు దిష్టేంది సారూ?"

"కొత్త లారీకి నిమ్మకాయలు కట్టరా? మా వైపు ఇంతే."

సందు సందంతా విరగబడి నవ్వింది. ఎవరో అన్నారు, "ముసలాయనకు మతి తప్పింది." "గీయనకా మనం టీవీ అప్పజెప్పింది?" అని ఇంకొకరు. అందరికంటే గట్టిగా నవ్వింది శ్రీశైలం. నాకు తెలుసని వాడికి తెలుసు. ఏమీ అనలేనని కూడా తెలుసు. నా చేతి టీ తాగినవాడే. తలొంచుకుని నిలబడ్డాను.

జైపాల్ నవ్వలేదు. "నిన్న జెప్పొచ్చు గదమ్మా" అన్నాడు బీరమ్మతో. ఆమె సంచి భుజానికేసుకుని పనికి పోయింది.

మధుబాబుని పిలిపించి డాబా మీది కెమెరా తీయించేశాను. పాత రికార్డులన్నీ శ్రీదివ్య, సృజన కలిసి కూర్చుని తుడిచేశారు. ఆ గదిలోకి నన్ను రానివ్వలేదు. టీవీ వేరే ఇంటికి పోయింది. కాలనీ మీటింగులకి నన్ను పిలవరు. పిలిచినా పోను.

రెండు రోజులాగి బీరమ్మ గుమ్మం దాకా వెళ్ళాను. "అమ్మా, స్నానాల చోటుకి పైన రేకులు వేయిస్తాను" అన్నాను.

"మీరేం ఎయ్యద్దు సారూ. మేం ఏసుకుంటం" అంది. లోపలికి రమ్మనలేదు.

రేకులకి కుదరలేదేమో, ఎక్కడినుంచో పాత ఫ్లెక్సీ తెచ్చి కప్పారు. వెలిమెల వైపు కట్టే విల్లాల ప్రకటన అది. కెమెరా లేదని వాళ్ళకి తెలుసు. అయినా తియ్యలేదు. ఎండాకాలం వచ్చింది. దాని కింద చీకటి, ఉక్క. తడి ఆరదు. అయినా తియ్యలేదు. బట్టలారేయడానికి డాబా ఎక్కినప్పుడల్లా ఆ విల్లాలు ఆకాశం వైపు తిరిగి నాకు కనపడతాయి. కళ్ళు తిప్పుకుని దిగిపోతాను.

మొన్న బీరమ్మే మా గేటు దగ్గర ఆగింది. అన్నాళ్ళకి.

"సారూ, పక్క సందుల గూడ కెమెరాలు పెడుతుండ్రంట. మా పేర్లు మార్చి, ఊరు ఎరుక కాకుంట గీ ముచ్చట రాయించుండ్రి. శ్రీదివ్య రాస్తది గద."

"నా పేరు మార్చనమ్మా" అన్నాను.

"అది మీ ఇష్టం" అని వెళ్ళిపోయింది.