ఎర్ర ముల్లు

నా బల్ల మీదికి వచ్చిన గడియారం తప్పు టైం చూపిస్తే నాకు పాణం కొట్టుకుంటది. ముందుగాల దాన్ని సక్కజేస్త. ఎవలిది, ఏమైంది, ఎప్పటికి కావాలె అన్నవి తర్వాత అడుగుత. ముప్పై నాలుగేండ్ల సంది గిదే అలవాటు. మొయినాబాద్ మెయిన్ రోడ్డు మీద, మెహిదీపట్నం బస్సులు ఆగే కాడ, జిరాక్స్ దుకాణానికీ మొబైల్ దుకాణానికీ నడుమ ఆరడుగుల డబ్బా నాది. వాచ్ నర్సింహులు ఏడుంటడంటే ఎవ్వలైన చూపిస్తరు. నోటి దురుసోడని గూడ చెప్తరు. చెప్పనియ్యి. పని రానోడు మెత్తగ మాట్లాడాలె, నాకేం ఖర్మ?

గా అలవాటే నా ఇల్లు ముంచింది. ఎట్ల ముంచిందో చెప్త, జర ఓపిక పట్టున్రి.

నిరుడు వానకాలంల వంశీ నా దుకాణానికొచ్చిండు. ఎంకపల్లి తొవ్వల పెద్ద ఫాంహౌజ్ ఉన్న బాల్‌రాజ్ పటేలు కొడుకు. వంశీ నీలం కారు భూమికి జానెడెత్తు మీదుంటది, అది పోతుంటే నా డబ్బీలల్ల స్క్రూలు గజగజ వణుకుతయి. నా అల్లుడు జగదీశ్ గా ఫాంహౌజ్‌లనే డ్రైవరు. ఆ నీలం కారును మాత్రం వంశీ ఎవ్వలనూ ముట్టనియ్యడు. జగదీశ్‌కు జీపే.

"నర్సింహులన్నా, నేను వాచ్ కంపెనీ పెడుతున్న. బ్యాటరీ ఉండది, చాబీ తిప్పితే నడిచేది. చూస్తే నా కారునే చేతికి కట్టుకున్నట్టు ఉండాలె. నువ్వు నాకు మొదటి పీసు చేసియ్యాలె" అని బొమ్మలు గీసిన కాయితాలు నా ముందల పరిచిండు.

చూసిన. పిలగానికి చెయ్యి ఉన్నది, అబద్ధం ఎందుకు చెప్పాలె. పక్కలకు కారుకున్నట్టే గాలి సందులు, అంకెలు ఇంజను మీటరు తీరుగ వంగి, ఎనకకు అద్దం, అద్దం లోపల చక్రాలు తిరిగేది కనవడుతది. పట్టీకి కారు సీటు తోలు, నీలం దారంతోని కుట్టు. "కాయితం మీద మస్తుగున్నది. చేతికి కడితే రోకలిబండ కట్టినట్టుంటది" అన్న. గాయన మొఖం చిన్నగైంది. మల్ల నవ్విండు. గట్ల మొదలైంది మా లొల్లి.

అల్యూమినియంల ఏడు నమూనాలు ఆకురాయితోని రాకిన. ఒకటి చొక్క చేతికి తట్టుకునేది, ఒకటి మణికట్టు ఎముకను కోసేది. గడియారం లోపలి మిషిని స్విట్జర్లాండ్‌కెల్లి తెప్పిచ్చిండు గని, దాని చుట్టూ ఏది ఎంతుండాలె, ఎంత సన్నగుండాలె, గదంత మా ఇద్దరి కొట్లాటలనే తేలింది. నేను తిట్టేది, గాయన అలిగి పోయేది, తెల్లారి మల్ల వచ్చేది. నిజం చెప్తున్న, నాకు గంత సంబురం ఎన్నడు కాలే. ముప్పై ఏండ్లు సెల్లు మార్చి, పట్టీ మార్చి బతికినోన్ని. నాతోని గిసుంటి పని చేపిచ్చుకున్నోడు ఇంకెవ్వడు లేడు.

ఒకనాడు గాయన ఓ ముచ్చట చెప్పిండు. ఎనకట పందెం కార్లల్ల ఇంజను మీటరుకు రెండో ముల్లొకటి ఉంటుండెనట. డ్రైవరు ఇంజనును ఎంత దాక గుంజిండో అది ఆడ్నే నిలవడుతది. కారు దిగినంక ఓనరొచ్చి చూస్తే దొంగతనం దొరికిపోతది.

"మరి దాన్ని డ్రైవరే చెరిపేస్తేనో?" అన్న.

"చెరిపే చాబీ ఓనరు కాడ ఉంటుండె."

నా మనసుల గా మాట నాటుకపోయింది. మన గడియారంల గూడ గసుంటిది పెడుదామన్న. గంటల ముల్లు కింద సన్నటి ఎర్ర ముల్లు, దాంతోనే నడుస్తది, కనవడది. చేతికి గట్టి దెబ్బ తగిలిన క్షణం ఎర్రది ఆడ్నే ఆగిపోతది, నల్లది ముందుకు పోతది. ఎప్పుడు గుద్దుకున్నవో ఎర్ర ముల్లు చెప్తది. వంశీ కుర్చీలకెల్లి ఎగిరి నన్ను వాటేసుకున్నడు.

అయిదు నెలలు పట్టింది దానికి. లోపలి స్ప్రింగు మెత్తగుంటే చప్పట్లు కొట్టినా ముల్లు ఆగేది. గట్టిగుంటే సుత్తెతోని కొట్టినా కదలకపోయేది. జగదీశ్ చేతికి కట్టి జీపుల మా పక్కూరు ప్రొద్దుటూరు తొవ్వల గుంతలన్ని తిప్పిచ్చిన. "మామా, నా నడుము ఇరిగింది గని నీ ముల్లు ఆగలే" అని నవ్వుకుంట వచ్చిండు ఆఖరికి. గుంతలకు ఆగొద్దు, గుద్దుకుంటే ఆగాలె. బరాబర్ కుదిరింది.

చెరిపేందుకు పక్కన బటన్ పెట్టమన్నడు వంశీ. నేను ఒప్పలే. "తప్పు చేసినోని చేతికే రబ్బరిస్తరా సార్?" అన్న. ఎనక మూత ఇప్పితేనే అందే తీరుగ పెట్టిన. దానికి చాబీ నేనే రాకిన. దునియల అదొక్కటే, నా డబ్బల, నా సొరుగు తాళంచెవుల గుత్తికే ఉంటది. గాయన దాన్నే పెద్దగ చేసి కంపెనీ పుస్తకంల అచ్చేపిచ్చిండు, మా వాచ్ అబద్ధం చెప్పదని.

నేను ఊకున్ననా? చేవెళ్లల బిడ్డ కావ్య ఇంటికి పోయినప్పుడల్ల గదే ముచ్చట. "ఎర్ర ముల్లును నేను తప్ప ఎవ్వడు చెరపలేడు" అని కంచం ముందల కూసొని ఎన్నిసార్లు చెప్పిన్నో. "దేవుడు గూడనా మామా?" అని జగదీశ్ ఆట పట్టిచ్చేది. "దేవుడైనా నా దుకాణానికి రావాల్సిందే బిడ్డా" అనేటోన్ని. కావ్య నోటికి కొంగడ్డం పెట్టుకొని నవ్వేది.

ఇగ గా రోజు. మొన్న మాఘమాసంల, మంగళారం.

తొమ్మిదిన్నరకు బాల్‌రాజ్ పటేలే సొంతంగ వచ్చిండు. దుకాణంల ఎన్నడు అడుగు పెట్టని మనిషి నా స్టూలు మీద కూసున్నడు. తువ్వాలతోని స్టూలు తుడువ మర్చిపోయినని సిగ్గనిపిచ్చింది.

"వంశీ మొఖం కడుగుతుంటే చేతికెల్లి జారి పడ్డదట. పన్నెండింటికి బొంబాయోళ్లు చూడొస్తున్నరు. ఎర్ర ముల్లు ఎక్కడ్నో నిలవడ్డది. జర చూడు నర్సింహులూ" అని జేబుల రుమాలుకెల్లి గడియారం తీసిండు.

"గింతదానికి మీరొచ్చిన్రా పటేలా, జగదీశ్‌తోని పంపకపోయిన్రా" అన్న.

"వానికి వేరే పనున్నది" అన్నడు.

గడియారం చేతిల పడంగనే నా చేతులకు చెప్పే పనే లేదు. పట్టీ తడిగున్నది, కడిగినట్టు. ఎర్ర ముల్లు ఆరు దాటి, ఆరుకూ ఏడుకూ నడుమ మూడో వంతు కాడ నిలవడ్డది. ఆరూ ఇరవై. గంత సాఫుగ నిలవడ్డదాన్ని చూసి నాకు గర్వమే అయింది, థూ నా బతుకు. "చూసిన్రా పటేలా, నిమిషం తేడా లేకుంట పట్టింది" అనుకుంట మూత ఇప్పిన, చాబీ పెట్టిన, ఒత్తిన. టిక్కుమన్నది. ఎర్ర ముల్లు తిరిగొచ్చి నల్ల ముల్లు కింద దాక్కున్నది. పటేలు ముందుకు వంగి చూస్తుండె. గాయన ఊపిరి ఇడిసింది నా చేతులకు తగిలింది.

"అయ్యిందా? ఇగ కనవడదా?"

"పురాగ ఖతం" అన్న, నవ్వుకుంట.

గడియారం రుమాల్ల చుట్టుకొని లేచిండు. చాయ్ చెప్త అన్న గని ఆగలే.

బస్టాపు కాడ ఎప్పుడు గంప పెట్టుకొని కూసునే ఎంకపల్లి మైసవ్వ గా పొద్దు రాలేదు. గంగవాయిలి కూర, కొత్తిమీర అమ్ముతది, నాకు రోజూ ఓ కట్ట ఉట్టిగనే ఇచ్చి తిట్లు తింటది. చలికి రాలేదనుకున్న.

పదకొండు కాకముందే ఆటోలకెల్లి కావ్య దిగింది. కాళ్లకు చెప్పుల్లేవు. చేతిల ఓ కాయితం ముక్క.

"బాపూ, ఆయన్ను ఠాణల కూసోపెట్టిన్రు. మైసవ్వను గుద్ది చంపిండంటున్రు."

మొత్తం ఏడుసుకుంటనే చెప్పింది. ఏడూ పదికి జగదీశ్ జీపు తీసుకొని ఫాంహౌజ్‌కెల్లి బయటికొచ్చిండట. మలుపు కాడ రోడ్డు పక్క మోరీల మైసవ్వ పడున్నది, గంప ఓ దిక్కు, ఆమె ఓ దిక్కు. పాణమున్నది. ఎత్తుకొని జీపుల ఏసి దవాఖానకు ఉరికిచ్చిండు. తొవ్వలనే పోయింది. జీపు నిండ రక్తం చూసి, జనం జగదీశే గుద్దిండన్నరు. గుద్దింది వంశీ. ఆరున్నరకు నీలం కారు ముందల పగిలి లోపలికొచ్చిందని గేటు కాడి బాలప్ప జగదీశ్‌కు చెప్పిండట. ఇప్పుడు బాలప్ప నాకేం ఎర్క లేదంటున్నడు. కారును లారీ మీద ఎక్కిచ్చి ఏడికో పంపిన్రు.

"గిది చూడు" అని చేతిల కాయితం నా ముందల పెట్టింది. చేవెళ్ల పాల సెంటరు చీటీ. జగదీశ్ డ్యూటీకి పోకముందు రోజూ పాలు పోసి పోతడు. మిషిని టైం అచ్చేస్తది. ఆరూ ఇరవై ఒకటి. "ఆమెను గుద్దినప్పుడు ఆయన చేవెళ్లల ఉన్నడు బాపూ. ఎప్పుడు గుద్దిన్రో తేలితే చాలు. వంశీ చేతికి నీ గడియారం ఉన్నది గద. ఎర్ర ముల్లు చెప్తది గద!"

నా చెయ్యి తాళంచెవుల గుత్తి మీదికి పోయింది.

"చెరిపేసినా చెరిపేస్తరని ముందుగాల భయమైంది" అని కండ్లు తుడుసుకున్నది కావ్య. "మల్ల యాదికొచ్చింది. నువ్వు తప్ప ఎవ్వడు చెరపలేడు. నువ్వే అంటివి గద. దా బాపూ, ఠాణకు పోదాం."

చెప్పాల్సుండె. ఆడ్నే, గా నిమిషమే చెప్పాల్సుండె. నా నోటికి ఊరంత భయపడుతది, నా బిడ్డ ముందల అది లేవలే. ఆటోల కావ్య నా చెయ్యి పట్టుకొని కూసున్నది, చిన్నప్పుడు జాతరల పట్టుకున్నట్టు. ఇంకేదన్న సాక్ష్యం దొరుకుతదేమో, బాలప్ప మనసు మారుతదేమో అని దేవులాడుకుంట కూసున్న. పిరికోన్ని నేను, గిప్పుడు చెప్పుకుంటున్న.

ఠాణల జగదీశ్ గోడకు ఆనుకొని కింద కూసున్నడు. అంగీ మీద మైసవ్వ రక్తం ఎండిపోయి నల్లగున్నది. నన్ను చూసి "మామా" అన్నడు, గంతే.

కావ్య ఎస్సై ముందల నిలవడి పాల చీటీ పెట్టింది, ఎర్ర ముల్లు ముచ్చట మొదలుకెల్లి చెప్పింది. ఎక్కడ తడబడలే. ఎస్సై వయసు పిలగాడు, చెడ్డోడేం కాడు, మంచిగనే ఇన్నడు. కంపెనీ పుస్తకం ఫోన్ల తెరిచి చూసిండు. "ఇందుల రాసింది నిజమేనా? దీన్ని వేరేటోళ్లు చెరపరాదా?"

"మా బాపు ఒక్కడే సార్. చాబీ ఆయన కాడనే ఉన్నది. అడుగున్రి" అన్నది.

ఎస్సై నన్ను చూసిండు. నేను తలకాయ ఊపిన. అవునని ఊపిన. జగదీశ్ మొఖంల పొద్దటి సంది మొదటిసారి పాణమొచ్చింది.

ఎస్సై ఫోను చేస్తే తండ్రీ కొడుకులు వచ్చిన్రు. వంశీ నా దిక్కు చూడలే. గడియారం ఇప్పి మేజ మీద పెట్టిండు. ఎస్సై వంగి చూసిండు. కావ్య చూసింది. నల్ల ముల్లు పన్నెండు దాటి పోతున్నది. ఎర్రది లేదు.

"నా కొడుకు ఎనిమిదింటి దాక పండుకున్నడు సార్" అన్నడు పటేలు. "గడియారానికి ఎసుంటి దెబ్బ తాకలే. తాకితే ముల్లు కనవడాలె. దాన్ని చెరిపేటోడు నర్సింహులొక్కడే అని వాళ్ల బిడ్డనే చెప్పిందని మీరే అంటిరి."

కావ్య నా మొఖం చూసి, మల్ల గడియారం చూసి, మల్ల నా మొఖం చూసింది.

"నేనే చెరిపిన సార్" అన్న. "పొద్దుగాల తొమ్మిదిన్నరకు పటేలు నా దుకాణానికి తెచ్చిండు. ఎర్ర ముల్లు ఆరూ ఇరవై మీదున్నది. నా కండ్లతోని చూసిన. నాకు ఎర్క లేదు సార్, మైసవ్వ సంగతి నాకు ఎర్కనే లేదు. అలవాటు చొప్పున ఒత్తిన."

"మరి ఇందాక నీ బిడ్డ చెప్తుంటే ఎందుకు ఊకున్నవ్? నేనడిగితే తలకాయ ఎందుకు ఊపినవ్?"

నేను కావ్య దిక్కు చూసిన.

"నేను ఇయ్యాల ఈయన దుకాణం దిక్కే పోలే" అన్నడు పటేలు మెల్లగ. నా దిక్కు జాలిగ చూసిండు, లుచ్చా. "అల్లుడు లోపల పడుతుంటే ఏ మామైనా ఏదో ఒకటి చెప్తడు సార్. నేను తప్పు పట్ట."

ఎస్సై పెన్ను మూత పెట్టిండు. కాన్‌స్టేబుల్ పక్కకు మల్లి నవ్విండు. జగదీశ్ నన్ను చూస్తున్నడు, గిదంత తనను ఇడిపియ్యనీకి నేను అల్లిన కథ అనుకున్నడు, పాపం, "చాలు మామా" అన్నట్టు తలకాయ ఊపిండు.

గా అర్రల నా మాట నమ్మింది ఒక్క కావ్యనే. ఆటో ఎక్కినప్పటి సంది పట్టుకున్న నా చెయ్యిని మెల్లగ ఇడిసిపెట్టింది.