చింతపండుతో తోమిన పతకం

నేను వాకిట్లో ఇత్తడి బిందె తోముతున్నాను. పాత పతకాలు సేకరించే తిప్పేష్ సారు పంచలో కూర్చుని మా అవ్వ పతకాన్ని భూతద్దంతో చూస్తున్నాడు. బర్మా యుద్ధానికి పోయినందుకు అవ్వ వాళ్ల నాయనకు ఇచ్చిన నక్షత్రం అది. ఆయన యుద్ధానికే పోలేదనీ, సంతలో బొమ్మబిళ్ల కొన్నాడనీ టీ అంగడి కాడ ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

"అక్షరాలు మొద్దుబారి ఉండాయవ్వా. పోతపోసిన నకిలీ మాదిరి ఉండాది," అన్నాడు సారు.

అవ్వ ముఖం చిన్నబోయింది. నేను చేతిలోని చింతపండు చూసుకున్నాను.

"సార్, ఏటా ఈస్టరుకు అవ్వ దాన్ని కూడా బిందెలతో పాటు చింతపండుతో తోముతాది. అక్షరాలు అందుకే అరిగినాయేమో," అన్నాను.

"చెంబనుకుంటివా అవ్వా? దీని రిబ్బను కూడా తోమినావా?"

"నాకు ఆ మాత్రం తెలీదా? దాన్ని తీసి పక్కన పెడతా. తడిస్తే రంగు పోదా?"

సారు నవ్వి రిబ్బను మడత విప్పాడు. పైన వెలిసిన ఎరుపు, నీలం మడత లోపల ఇంకా నిండుగా ఉన్నాయి.

"పాతదాని మాదిరి కనపడాలని టీ నీళ్లలో ముంచిన నకిలీదైతే లోపల కూడా మాసి ఉంటాది," అన్నాడు. తర్వాత, అప్పట్లో పతకంతో పాటే వచ్చిన పాత అట్టపెట్టెలో దాన్ని పెట్టి చూశాడు. అడుగు కాగితంలో ఏనాడో పడిన గుంటల్లో నక్షత్రం మొనలన్నీ సరిగ్గా కూర్చున్నాయి.

"అసలుదే అవ్వా. ఇంక తోమొద్దు."

అవ్వ పతకాన్ని పిన్నీసుతో పైటకు గుచ్చుకుంది. వాకిలి దాటి, టీ అంగడి వైపు నడిచింది.