నడిమి స్తంభం

నవంబరు పద్నాలుగు. ఆ మధ్యాహ్నం బావ తిన్నది రెండు ఉడకబెట్టిన గుడ్లు, నాలుగు రొట్టె ముక్కలు, ఒక అరటిపండు. ఆసుపత్రిలో తెల్లకోటు పిల్ల "ఆఖరుసారి ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు?" అని గుచ్చి గుచ్చి అడిగింది. అందుకే సైకిళ్లాయన మనసులో ఆ తేదీ, ఆ తిండి మేకు కొట్టినట్టు ఉండిపోయాయి. అరటిపండు మీద మచ్చ ఉందని బావ సణగడం కూడా గుర్తే.

సైకిళ్లాయనకు పార్కు ముందు గేటు పక్కన రేకుల షెడ్డు ఉంది. సైకిళ్లు అద్దెకిస్తాడు. పార్కు అంటే నాలుగు పూలమొక్కలూ ఒక జారుడుబల్లా కాదు. ఊరి చివర ఎప్పుడో తవ్వి వదిలేసిన రాతి క్వారీ నీళ్లు నిండి పెద్ద మడుగైంది. దాని చుట్టూ చెట్లు కమ్ముకున్నాయి. ఆ చెట్ల మధ్య సన్న కంకర పరిచి, రోలరు తిప్పి, సైకిళ్ల కోసమే దారులు వేశారు. పసిపిల్లలకు ఆకుపచ్చ గుర్తుల దారి, మడుగు చుట్టూ తిరిగే నీలం దారి, అడవిలోంచి వెనక గేటు దాకా పోయే ఎర్ర దారి. ఎక్కడా మోటారు బండి అన్నది రాకూడదు.

బావ అంటే అక్క మొగుడు. ముప్పై ఏళ్లు బస్సు తోలి రిటైరైన మనిషి. బీపీ ఎక్కువైంది, ఒళ్లు వంచమని డాక్టరు చెప్తే, అక్క ఆయన్ని తమ్ముడికి అప్పగించింది. "నీ దగ్గర సైకిలు తొక్కించు. రోడ్డు మీదకు మాత్రం పంపకు" అంది.

ఆ రోజూ ఇద్దరూ ఎర్ర దారిలో పక్కపక్కనే పోతున్నారు.

"ఎదురుగా ఒక్క లారీ కూడా రాదేంట్రా? ఇదేం దారి, ఉప్పు లేని కూరలాగా!" అన్నాడు బావ.

"ఉప్పు తగ్గించమనేగా బావా డాక్టరు చెప్పింది?"

"నీ మాటలూ మీ అక్క వంటా ఒకటే. రెండూ మింగుడుపడవు."

"ఈ మాట అక్కకు చెప్పనా?"

"చెప్పు నాయనా, చెప్పు. రేపటి నుంచి నాకు వండిపెట్టేది నువ్వే."

మలుపు వస్తే చాలు, బావ నోటితోనే హారన్ కొట్టేవాడు. చెట్ల మీది పిట్టలు లేచిపోయేవి. ఆయన నోటికి మూత ఉండదని అక్క విసుక్కునేది గానీ, ఆయన లేని పూట ఇల్లు బావురుమంటుందనీ తనే అనేది.

అడవి సగం దాటాక బావ ముందు చక్రం పక్కకు లాగింది. కుడికాలు పెడల్ మీంచి జారింది. సైకిలు ఆపి హ్యాండిల్ మీదకు వాలి ఏదో అన్నాడు. నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుంది. మూతి ఒక పక్కకు వంకర పోయింది.

సైకిళ్లాయన నవ్వాడు. "చాల్లే బావా నటన. అలసిపోయానని చెప్పరాదూ?"

బావ సైకిలుతో సహా కంకర మీద కూలబడ్డాడు. ఎడమ చేత్తో కుడిచేతిని పట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నాడు. అప్పుడు పోయింది సైకిళ్లాయన నవ్వు.

అంబులెన్సుకు ఫోను చేశాడు. మాట తడబడలేదు. పార్కులో ఎవరు పడ్డా ఫోను చేసేది తనే. చెప్పి చెప్పి నోటికి వచ్చేసిన మాటలే ఇప్పుడూ వచ్చాయి. "వెనక గేటుకు రండి. అదే దగ్గర. నడిమి స్తంభానికి తాళం ఉంటే పగలగొట్టండి, పైకి లాగితే వచ్చేస్తుంది, బండి నేరుగా లోపలికి పోనివ్వండి."

పక్కన కంకర పోస్తున్న పనామె ఇదంతా చూసి ఒంటి చక్రపు తోపుడుబండి వదిలేసి పరుగెత్తుకొచ్చింది. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి మడిచి బావ తల కింద పెట్టింది. "పక్కకు తిప్పుదాం అన్నా, ఉమ్మి గొంతుకు అడ్డం పడుద్దేమో" అంది. ఇద్దరూ కలిసి తిప్పారు. బావ కళ్లు తెరిచే ఉన్నాయి. బావమరిది ముఖాన్ని వదలకుండా చూస్తున్నాయి.

ఫోను మోగింది. అంబులెన్సు డ్రైవరు.

"గేటు దగ్గరే ఉన్నానండీ. స్తంభం రావట్లేదు. కింద వెల్డింగ్ చేసేసుంది."

సైకిళ్లాయన పై ప్రాణాలు పైనే పోయాయి.

వెల్డింగ్ చేయించింది తనే. వెనక గేటులో మూడు ఇనుప స్తంభాలుండేవి. నడిమిది గుంతలో నిలబెట్టి తాళం వేసేవారు. సాయంత్రం పూట కుర్రకారు ఆ తాళం పగలగొట్టి, స్తంభం పీకి పారేసి, కార్లేసుకుని తాగడానికి లోపలికొచ్చేవారు. ఒకసారి ఒక కారు ఓ పాప కాలు విరగ్గొట్టింది. ఆనాటి నుంచి సైకిళ్లాయన పార్కు సూపర్‌వైజరు వెంట పడ్డాడు. పొద్దున కనపడితే అదే మాట, సాయంత్రం కనపడితే అదే మాట. చివరికి ఆ పోరు పడలేక, వేసవిలో సూపర్‌వైజరు వెల్డరును పిలిపించి స్తంభాన్ని అడుగున ఉన్న చట్రానికి అతికించేశాడు. ఆ రోజు షెడ్డు దగ్గర అందరికీ టీలు పోయించింది కూడా తనే. "ఇక కారు కాదు గదా, కారు నీడ కూడా దూరదు" అన్నాడు.

తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టయింది.

"ముందు గేటుకు రమ్మంటారా?" అని డ్రైవరు అడుగుతున్నాడు. "మెయిన్ రోడ్డు మీద బళ్లు కదలడం లేదు. మీ ఇష్టం."

"వద్దు. అక్కడే ఉండండి. మేమే తెస్తాం."

పనామె అప్పటికే తోపుడుబండిలోని కంకర దారి మీద బోర్లించేసింది. ఖాళీ గోనెసంచులు పరిచింది. ఇద్దరూ కలిసి బావను ఎత్తి పడుకోబెట్టారు. బస్సు స్టీరింగు తిప్పిన మనిషి, బరువైన ఒళ్లు. కొత్త కంకరలో ఒంటి చక్రం కూరుకుపోతోంది. ఆమె ముందు నుంచి లాగుతూ, ఆయన వెనక నుంచి తోస్తూ పోయారు. కుదుపు తగిలినప్పుడల్లా బావ గొంతులోంచి మూలుగు. సగం దారిలో ఇద్దరు అంబులెన్సు మనుషులు స్ట్రెచరు మోసుకుంటూ ఎదురు పరుగెత్తుకొచ్చారు. దాని చిన్న చక్రాలు ఈ దారిలో తిరగవు.

ఆసుపత్రిలో డాక్టరు స్కానింగు చూసి నెమ్మదిగానే చెప్పాడు. "ప్రాణానికి భయం లేదు. మెదడులో గడ్డ కరిగించే మందు ఉంది, దానికింకా వేళ దాటిపోలేదు, ఇచ్చాం. అయితే ఇందులో ప్రతి నిమిషమూ లెక్కే. ఇంకాస్త ముందు తెచ్చుంటే మాట దక్కేదేమో."

అక్క "సరేనండీ" అంది. సైకిళ్లాయన గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

బావ ఇంటికొచ్చాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. అర్థమవుతుంది, చెప్పలేడు. చెప్పబోయి, రాక, కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. రోజూ షెడ్డు మూసేసి సైకిళ్లాయన వస్తాడు. బావను కుర్చీలోంచి లేపి, ఒళ్లు తుడిచి, మంచం మీద పడుకోబెట్టడం అక్క ఒక్కదానివల్లా అయ్యేది కాదు.

జనవరిలో సూపర్‌వైజరు ఆ స్తంభాన్ని కోయించి మళ్లీ తాళం పెట్టించాడు. పది రోజులు తిరక్కముందే తాళం పగిలింది. మడుగు ఒడ్డున సీసా పెంకులు. సైకిళ్లాయన వాటిని ఏరి సంచిలో వేసుకున్నాడు గానీ, సూపర్‌వైజరు దగ్గరకు మాత్రం పోలేదు.

ఆ సాయంత్రం బావను పడుకోబెట్టి, దుప్పటి సర్దుతుంటే అక్క అంది:

"ఆ రోజు అంబులెన్సును వెనక గేటుకు రమ్మంది నువ్వేనటగా."

సైకిళ్లాయన చేతులు దుప్పటి మీదే ఆగిపోయాయి. "ఎవరు చెప్పారు?"

"డ్రైవరు. ఆసుపత్రిలో ఆ రోజే చెప్పాడు. వెల్డింగ్ సంగతి నాకు ముందే తెలుసు, ఆ టీలు మీ బావా తాగొచ్చాడుగా."

"మరి ఇన్నాళ్లూ ఒక్క మాట అనలేదేం అక్కా?"

"అంటే నువ్వు మొహం చెల్లక రావడం మానేస్తావు. ఈయన్ని నేనొక్కదాన్నే ఎలా లేపను?" అక్క గొంతులో కోపం లేదు, ప్రేమా లేదు. ఒట్టి అలసట. "నిన్ను తిట్టే ఓపిక కూడా నాకు లేదురా. రాత్రిళ్లు మనసులో తిట్టుకుంటాను. తెల్లారితే నువ్వు సాయంత్రం ఎప్పుడొస్తావా అని చూస్తాను."

సైకిళ్లాయన దుప్పటి అంచు పరుపు కిందకు దోపాడు.

"రేపు కాస్త పెందలాడే రా. గెడ్డం గీయాలి. ఎడమ పక్క నన్ను గీయనివ్వడం లేదు" అంది అక్క.

"వస్తా."

బావ ఇద్దరి మాటలూ విన్నాడో లేదో. కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఊపిరి నిదానించింది. ఇవాళ మాత్ర వేయకుండానే నిద్ర పట్టింది. అక్క దీపం తగ్గించి, మంచం పక్కన చాప పరుచుకుంది. సైకిళ్లాయన చెప్పులు చేత్తో పట్టుకుని గడప దాటాడు. గొళ్లెం చప్పుడు కాకుండా వేలు అడ్డం పెట్టి, తలుపు మెల్లగా దగ్గరికి లాగాడు.